పెండ్లి బుక్కులో రెండు వరుసలు

ఈ రాతలో ఎవరి పేరూ ఉండదు. మర్యాద కోసం దాస్తున్నానని అనుకోవద్దు. ఒక పేరు పలకనందుకు మా అమ్మ ఎంత పోగొట్టుకుందో, అదే పేరు పలికినందుకు ఇంకెంత పోగొట్టుకుందో కళ్ళారా చూసినదాన్ని. అప్పటి నుంచి నాకు పేర్లంటే కోపం. చదివేవాళ్ళకు కాస్త ఇబ్బంది అయితే కానీయండి, నేను పడ్డదాని ముందు అదేం పెద్దది కాదు.

మాది నారాయణఖేడ్ నుంచి కంగ్టికి పోయే బాటలో ఒక చిన్న ఊరు. నిజాం సర్కారు రోజులు. ఊరి చివర మా వాడ, వాడ చివర మా గుడి. చర్చిని మేము గుడి అనే అనేవాళ్ళం. మట్టిగోడలు, పెంకుల కప్పు, లోపల రెండు పెద్ద చాపలు. కుడిచేతి చాప మగవాళ్ళది, ఎడమచేతి చాప ఆడవాళ్ళది. బల్ల పక్కన తాళం వేసిన ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో గుడి బుక్కులు మూడు. బాప్తిస్మాలకు ఒకటి, చావులకు ఒకటి, పెండ్లిళ్ళకు ఒకటి.

పెండ్లి బుక్కు అన్నిటికంటే లావు. దాన్ని తెల్లదొరల దేశంలో అచ్చువేసి ఓడలో పంపారట. అక్కడి పల్లెటూరి చర్చీల్లో కూడా అచ్చం ఇలాంటి బుక్కులే ఉంటాయని, ముత్తాతల పెండ్లిళ్ళు కూడా వాటిలో వెతికి చూసుకోవచ్చని మా అయ్యగారు గొప్పగా చెప్పేవారు. అయ్యగారు అంటే మా గుడి పాస్టరు. పేజీకి ఎడమ సగంలో పెండ్లికొడుకు పేరు, వయసు, పని, తండ్రి పేరు. కుడి సగంలో పెండ్లికూతురివి. చివర సంతకాలు. ఆ గడులు గీసిన దేశంలో పెళ్ళాం మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుందట. అందుకే వాళ్ళకు ఆ బుక్కు సరిపోయింది.

మా వాడలో మొగని పేరు తీసిన ఆడది లేదు. తీస్తే ఆయన ఆయుష్షు తరుగుతుందని భయం. వేరే ఎవరికైనా అదే పేరు ఉంటే వాళ్ళను కూడా ఆ పేరుతో పిలవరు. ఒకామె మొగనికి బైబిల్లోని ఒక శిష్యుని పేరు పెట్టారు. పాటలో ఆ పేరు వచ్చేసరికి ఆమె టక్కున నోరు మూసుకుని, పేరు దాటినాక మళ్ళీ అందుకునేది. చిన్నప్పుడు ఆ చోటు ఎప్పుడొస్తుందా అని నేను ఆమె నోటి వైపే చూస్తూ కూర్చునేదాన్ని. నవ్వొచ్చేది. ఇప్పుడు రాదు.

మా అమ్మ పెండ్లి, పెద్దమ్మ పెండ్లి ఒకే రోజు అయ్యాయి. పెద్దమ్మ అంటే మా అమ్మకు పెదనాన్న బిడ్డ, ఆమెకంటే రెండేండ్లు పెద్దది. అమ్మను చేసుకున్నది మా నాయన, పెద్దమ్మను చేసుకున్నది మా పెద్దనాయన. మిషన్ నడిపే తెల్లదొర ఏడాదికోసారి వచ్చేవాడు కాబట్టి ఆయన వచ్చిన రోజునే పెండ్లిళ్ళు పెట్టుకునేవాళ్ళు. ప్రమాణాలు జతలు జతలుగా నిలబెట్టే చేయించారు. అందులో తప్పు లేదు. తప్పు బుక్కు దగ్గర జరిగింది.

అప్పటికే భోజనాల బంతి మొదలైంది. మగవాళ్ళు బయట పందిట్లో, పెండ్లికూతుళ్ళు లోపల చాప మీద. అప్పటి అయ్యగారు చుట్టూ ఎన్నో ఊళ్ళు చూసుకోవాల్సిన మనిషి, మా వాడలో ఎవరి ముఖమూ ఆయనకు సరిగ్గా తెలియదు. ముందు పందిట్లోకి పోయి మగవాళ్ళ సగం నింపుకున్నారు. మా నాయనకు నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి మొదట ఆయన చేత సంతకం పెట్టించారు, తర్వాత పెద్దనాయన చేత వేలిముద్ర వేయించారు. ఆ బుక్కు పట్టుకుని లోపలికి వచ్చి, నీ మొగని పేరేమిటని అమ్మను అడిగారు. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. పెద్దమ్మను అడిగారు. ఆమె చాప వైపు చూసింది. పోనీ గుమ్మంలోంచి వేలు పెట్టి చూపించమన్నారు. మొగని వైపు వేలు చూపడం కూడా తప్పే. పక్కనున్న ఒక ముసలామె విసుక్కుని, పెద్దదాన్ని ముందు రాయి, చిన్నదాన్ని వెనక రాయి, ఇంత దానికి ఇంత లొల్లి ఎందుకని అన్నదట. అయ్యగారు అట్లాగే రాశారు. మా నాయన వరుసలో పెద్దమ్మ పడింది. పెద్దనాయన వరుసలో మా అమ్మ పడింది. ఇద్దరి బొటనవేళ్ళకూ సిరా పూసి ఆ వరుసల్లోనే ముద్రలు వేయించారు.

ఈ ముచ్చట అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పేరు చెప్పు, పేరు చెప్పు అని ఆయన బతిమాలడం, వీళ్ళిద్దరూ కొంగుల్లో నవ్వుకోవడం. ఆమె దగ్గరున్న సంబరమైన కథ అదొక్కటే. తన వేలిముద్ర ఎవరి పక్కన పడిందో ఆమెకు తెలియదు.

ఖేడ్‌లో ఖాజీ సాబు నికా చేయించేటప్పుడు సాక్షులు పర్దా దగ్గరికి పోయి, ఫలానా మనిషి నీకు ఒప్పుదలేనా అని పిల్లను అడుగుతారు. పేరు వాళ్ళే చెప్తారు, ఆమె ఊఁ అంటే చాలు. ఆ మాత్రం తెలివి సముద్రాలు దాటి వచ్చిన మా బుక్కుకు లేకపోయింది.

నేను నడక నేర్చుకుంటున్న రోజుల్లో మిషన్ వాళ్ళు మా నాయనను పంతులు పని నేర్పిస్తామని పెద్ద బడి ఉన్న ఊరికి తీసుకుపోయారు. మొదట్లో కోతలకూ, క్రిస్మస్‌కూ వచ్చేవాడు. తర్వాత క్రిస్మస్‌కే వచ్చాడు. ఒకసారి అమ్మ చేసిన జొన్నరొట్టె ముందు కూర్చుని, నాకిప్పుడు అన్నం అలవాటైంది అన్నాడు. అమ్మ లేచి వాడంతా తిరిగి గుప్పెడు గుప్పెడు బియ్యం తెచ్చి వండింది. ఆ తర్వాత ఆయన రాలేదు. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు పెద్దమ్మ పోయింది. పిల్లలు లేని పెద్దనాయన ఒంటరివాడయ్యాడు. ఆయన గోడలు పెట్టేవాడు. మా గుడి గోడలు కూడా ఆయన చేతివే.

నాకు పన్నెండేళ్ళు వచ్చాయి. మిషన్ బడిలో నాలుగో తరగతి చదువుతున్నాను. మా గుడికి కొత్త అయ్యగారు వచ్చారు. ఒక ఆదివారం పాట అయినాక ఆయన ఒక కాగితం తీసి చదివారు. పెండ్లి చేసుకోబోయే వాళ్ళ పేర్లు మూడు ఆదివారాలు గుడిలో చదవాలి, ఎవరికైనా అడ్డు ఉంటే చెప్పాలి, అది మా దగ్గర రివాజు. పెండ్లికూతురు మిషన్ దవాఖానలో నర్సు అని చదివారు. పెండ్లికొడుకు భార్య చనిపోయినవాడు అని చదివారు. పేరు మా నాయనది.

ఆడవాళ్ళ చాప మీద అందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ నా వైపు వంగి, అదే పేరున్నోళ్ళు ఇంకెవరో ఉన్నట్టున్నారు అని గుసగుసగా అంది. ఊరి పేరు, తండ్రి పేరు కూడా చదివారని నేను చెప్పాను. మా వాకిట్లోకి వచ్చినాక అమ్మ చెప్పుల్లేని కాళ్ళతో ఎండలో అట్లాగే నిలబడింది.

రెండో ఆదివారం మళ్ళీ చదివారు. అమ్మ లేచి నిలబడింది. తను బతికే ఉన్నానని, చనిపోయింది తన అక్క అని, ఆ మనిషికి ఇంట్లో బిడ్డ కూడా ఉన్నదని చెప్పింది. ఏదీ వదలకుండా చెప్పింది. అయ్యగారు కోపం చేయలేదు. అదే నాకు ఇప్పటికీ మంట. నింపాదిగా పెట్టె తాళం తీసి, బుక్కు బల్ల మీద పరిచి, నన్ను పిలిచారు. నువ్వు చదువుకున్న పిల్లవు, మీ అమ్మకు నువ్వే చదివి వినిపించు, అప్పుడు నేను మోసం చేశానని ఎవరూ అనరు అన్నారు.

నేను పోయాను. చదివాను. మొదటి వరుసలో నాయన పేరు, పక్కన పెద్దమ్మ పేరు. రెండో వరుసలో పెద్దనాయన పేరు, పక్కన అమ్మ పేరు. బడిలో పంతులు నేర్పించినట్టే, గొంతెత్తి, ఒక్క అక్షరం తప్పకుండా చదివాను. వరుసలు మార్చి చదవొచ్చన్న ఆలోచనే రాలేదు. అయ్యగారు శభాష్ అన్నారు. మా అమ్మ మీద పడ్డ మొదటి రాయి నేనే విసిరాను, పైగా దానికి మెప్పు కూడా పొందాను. ఆ శభాష్ చెవిలో పడితే ఈ వయసులో కూడా నేను అక్కడి నుంచి లేచిపోతాను.

మగవాళ్ళ చాప మీది నుంచి పెద్దనాయన లేచాడు. ఆయన ఎప్పుడూ గుడిలో నోరెత్తిన మనిషి కాదు.

"అయ్యగారూ, గామె నా మరదలు. నా పెండ్లాం మట్టిల కలిసి నాలుగేండ్లయింది. ఎవ్వలను కట్టుకున్ననో నాకు తెల్వదా?"

అయ్యగారు బుక్కు ఆయన వైపు తిప్పి, ఈ వేలిముద్ర నీదేనా కాదా అని అడిగారు.

"ఏలు నాదే," అన్నాడు పెద్దనాయన. "రాత మీది."

అయ్యగారి ముఖం ఎర్రబడింది. ఆయనకూ నిజం తెలుసు. వాడంతటికీ తెలుసు. కానీ ఈ బుక్కూ చావుల బుక్కూ చూసే ఆయన, భార్య చనిపోయినవాడని తన సంతకంతో నకలు రాసి నాయనకు పంపారు. బుక్కు తప్పు అంటే ఆ నకలు తప్పు, దొర దగ్గర సంజాయిషీ చెప్పుకోవాలి. ఒక ఆడదాని కాపురం పోవడం కంటే అది కష్టమైన పని. అందుకని ఒక ఉపాయం చెప్పారు. అడ్డు చెప్పేవాళ్ళు ఎవరి మీద చెప్తున్నారో వాళ్ళ పేరు తమ నోటితో సంఘం ముందు పలకాలి, అది లేకుండా తాను ఏదీ రాసుకోలేనని. వచ్చే ఆదివారం ఆ మనిషిని కూడా పిలిపిస్తానని.

అమ్మకు వారం గడువు దొరికింది. ఆ వారమంతా మేము కందిచేనులో పనికి పోయాము. మధ్యాహ్నం గట్టు మీద కూర్చున్నప్పుడు ఆమె నన్ను ఆ పేరు అనమంది. నేను అన్నాను. అమ్మ చప్పున నా నోటి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తీసి, మళ్ళీ అను అంది. నేను అన్నాక ఆమె పెదవులు కదిపింది, సగం దాకా వచ్చి ఆగిపోయింది. శుక్రవారానికి మొత్తం పేరు వచ్చింది, కానీ గాలి మాత్రమే, గొంతు లేదు. శనివారం నాడు గొంతు కూడా వచ్చింది. వెంటనే చెంపలు వేసుకుని, ఆయన పైలంగ ఉండాలె అని మొక్కింది. ఎవరి మేలు కోరుతున్నావే అని అరవాలనిపించింది. అరవలేదు. ఆమె మొక్కుతున్న తీరు చూడలేక చేనులోకి దిగిపోయాను.

మా నాయనకు చదువు వచ్చు కదా, తన సంతకం పక్కన ఎవరి పేరు ఉందో ఆ రోజే చూడలేదా అని నేను చాలా ఏండ్లు ఆలోచించాను. సంతకం పెట్టేటప్పటికి పక్క సగం ఖాళీ. తర్వాత ఎప్పుడు చూశాడో తెలియదు. చూసినాక దిద్దించడానికి కాక వాడుకోవడానికి దాచుకున్నాడు, అంతవరకు తెలుసు.

మూడో ఆదివారం ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు బూట్లు. మగవాళ్ళ చాప మీద ముందు వరుసలో కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. మా నాయనమ్మ, అంటే ఆయన తల్లి, ఆడవాళ్ళ చాప మీద మాకు దూరంగా జరిగి కూర్చుంది. మొన్నటిదాకా అమ్మ చేతి రొట్టె తిన్న మనిషే. చదువుకున్న కోడలు వస్తుందని ఆమెకు ఆశ.

అయ్యగారు ప్రకటన చదివి, ఎవరికైనా అడ్డు ఉందా అని అడిగారు. అమ్మ లేచింది. కొంగు తల మీద సర్దుకుంది. ఎవరి మీద అని అడిగారు. అమ్మ పేరు పలికింది. గుడి గోడలకు తగిలేటంత గట్టిగా, స్పష్టంగా పలికింది. ఒకసారి అంటే వినలేదంటారని రెండోసారి కూడా పలికింది. తన పేరు ఎవరు పిలిచినా మనిషి తల తిప్పి చూస్తాడు. ఆయన తిప్పలేదు. బూటు లేసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

నాకు గర్వంగా అనిపించింది. గెలిచాం అనుకున్నాను. అంతలో నాయనమ్మ కూర్చున్న చోటి నుంచే, ఎవరితోనో మామూలుగా ముచ్చట పెడుతున్నట్టు అంది.

"కట్టుకున్నోని పేరు కట్టుకున్నది తీస్తదా? మీరే ఇన్నరు గద. రెండుసార్లు తీసింది."

చాప మీద ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా అమ్మ పెండ్లికి వచ్చి తిన్నవాళ్ళు వాళ్ళు. నన్ను కన్నప్పుడు మంత్రసానితో పాటు కూర్చున్నవాళ్ళు. అయినా ఒకామె ఔను అన్నట్టు తల ఊపింది. ఇంకొకామె ఊపింది. పాటలో మొగని పేరు వచ్చినా నోరు మూసుకునే ఆమె అందరికంటే ఎక్కువ ఊపింది. అయ్యగారికి బుక్కు చాలు, వాడకు ఈ మాట చాలు. అమ్మ నిలబడే ఉంది. ఎవరూ కూర్చోమనలేదు కాబట్టి పాట అయిపోయేదాకా అట్లాగే నిలబడింది.

నాయన పెండ్లి నర్సుతో అయింది. కొన్నాళ్ళకు అయ్యగారు మా వాకిట్లోకి వచ్చి అమ్మకు ఇంకో ఉపాయం చెప్పారు. బుక్కు ప్రకారం నువ్వు మీ బావ పెండ్లానివే కదా, పోయి ఆయన ఇంట్లో ఉండు, ఎవరికీ ఏ చిక్కూ ఉండదు అన్నారు. మనిషిని బుక్కుకు సరిపోయేలా మారిస్తే బుక్కు దిద్దే పని తప్పుతుందని ఆయన లెక్క. అమ్మ ఆయన ముందే చీపురు తీసుకుని వాకిలి ఊడ్చింది. ఆయన కాళ్ళ దాకా ఊడ్చుకుంటూ వచ్చింది. ఆయన వెళ్ళిపోయారు.

ఆ మాట పెద్దనాయన చెవిన పడింది. ఆ తర్వాత ఆయన మా ఇంటి గడప తొక్కలేదు. వర్షాలకు మా గోడ కూలితే, మేము చేనుకు పోయిన వేళ చూసి వచ్చి కట్టి పోయాడు. మేము వచ్చేసరికి మట్టి ఇంకా తడిగా ఉంది, మనిషి లేడు. ఆ బుక్కు నిజమని ఒక్కరితో కూడా అనిపించకూడదని ఆయన పట్టుదల. మా అమ్మను నిజంగా గౌరవించిన మగవాడు ఆయన ఒక్కడే, ఆ గౌరవం కోసం మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా బతికాడు.

నా పెండ్లి కూడా ఆ గుడిలోనే అయింది. పోలీస్ యాక్షన్‌కు ఇంకా కొన్నేండ్లు ఉన్నాయి. పిల్లవాడిది నాగల్‌గిద్ద వైపు ఊరు, వాళ్ళూ మిషన్ వాళ్ళే. అయ్యగారూ ఆయనే, బుక్కూ అదే. పెండ్లికి ముందు అమ్మ నాకు వంట గురించి చెప్పలేదు, అత్త గురించి చెప్పలేదు. ఒక్కటే చెప్పింది.

"బుక్కుల ఎవ్వల పక్కన రాస్తుండో కండ్లతోని సూడు. నోరు మాత్రం తెరువకు."

ఆ రోజు నాతోపాటు ఇంకో జంట కూడా ఉంది. తిండి మొదలైంది. పెండ్లికొడుకులు పందిట్లో, మేమిద్దరం చాప మీద. అయ్యగారు మగవాళ్ళ సగం నింపుకుని బుక్కు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చారు. అచ్చం అమ్మ చెప్పిన కథలో లాగే వచ్చారు. పక్కనున్న పిల్లను, మీ ఆయన ఏ వరుస అని అడిగారు. ఆ పిల్ల కొంగు లాక్కుంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వినగానే నా ఒళ్ళు మండింది.

నేను లేచి బల్ల దగ్గరికి పోయాను. నా మొగని పేరు పలికాను. ఇంటిపేరుతో సహా పలికాను. ఈ వరుస మీద నా పేరు రాయండి, నేను చూస్తుండగా రాయండి అన్నాను. ఆయన రాశారు. నా తండ్రి పేరు గడి దగ్గర నన్ను అడగలేదు, పాత పేజీ తిప్పి చూసి పెద్దనాయన పేరు రాశారు. నేను కాదనలేదు. ఆ బుక్కులో నాకు నచ్చిన తప్పు అదొక్కటే. వరుస రెండుసార్లు చదువుకుని, వేలిముద్ర కాకుండా సంతకం పెట్టాను. మా అత్త ముఖం మాడిపోయింది. మాడితే మాడనీ అనుకున్నాను. నేను చేసింది అమ్మ కోసం. ఆమె చూడాలని వెనక్కి తిరిగాను.

అమ్మ నవ్వడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ రోజు నాయనమ్మ మాట విన్నప్పుడు ఎట్లా నిలబడిందో అట్లాగే నిలబడి ఉంది. దగ్గరికి పోతే నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. సరిగ్గా రాశారు, చూశాను, నీకు అయినట్టు నాకు కాదు అన్నాను.

"రాతదేముంది బిడ్డా," అంది అమ్మ. "గంత మంది ముందట మొగని పేరు తీస్తివి. ఇగ నిన్ను గూడ ఎవ్వలు నమ్మరు."